ఆలు లేదు చూలు లేదు, కొత్త పర్కిన్స్ చట్టానికి ప్లానింగ్ అంట

ఉగాదికి డాలస్ పక్కన ఫ్రిస్కోలో తెలిసినవాళ్ళింట్లో పాట్‌లక్ పెట్టుకున్నాం. పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడ్డానో లేదో ఒకాయన వచ్చి వాళ్ళమ్మాయి హోసాలో స్టేట్‌కి వెళ్ళిందని మొదలుపెట్టారు, ఫోన్ తీసి మెడల్ ఫోటో, నీలం బ్లేజర్ ఫోటో అన్నీ చూపించారు. బావుంది, పిల్ల కష్టపడింది, నేనూ మెచ్చుకున్నా. పది నిమిషాలయ్యాక "అవునమ్మా నువ్వు ఏం చెప్తావ్ స్కూల్లో" అన్నారు. సీటీఈ అన్నయ్య గారూ, నెట్‌వర్కింగ్, కంప్యూటర్ మెయింటెనెన్స్ చెప్తాను, కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్ అన్నా. "ఓ... ఒకేషనలా" అన్నారు. ఆ "ఓ" ఉంది చూశారూ, మన ఊళ్ళో ఎవరికైనా ఇంటర్ పోయిందని తెలిస్తే అంటామే, సేమ్ ఆ "ఓ".

నేను నవ్వి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన. హోసా అంటే సీటీఈనే కదండీ. హెల్త్ సైన్స్ పిల్లల సంఘం అది, 1976లో పుట్టింది. డెకా కూడా అంతే, బిజినెస్ మార్కెటింగ్ పిల్లలది. స్కిల్స్‌యూఎస్‌ఏ, ఎఫ్‌బీఎల్‌ఏ, రైతుబిడ్డల ఎఫ్‌ఎఫ్‌ఏ, ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు, ఆ చెట్టుకి నీళ్ళు పోసే, అంటే సీటీఈ చదువుకి డబ్బిచ్చే ఫెడరల్ చట్టం పేరు కార్ల్ డి. పర్కిన్స్ చట్టం. మనవాళ్ళ పిల్లలు ఆ కొమ్మల మీద ఎక్కి కూర్చుంటారు, మెడల్స్ కోస్తారు, చెట్టు పేరు చెప్తే మాత్రం "ఓ".

మా బాబాయి కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ చేసి స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయ్యారు. ఆయన జీతం మీదే మా నాన్న చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి. అయినా మా ఇంట్లో "ఐటీఐ" అనే మాట గొంతు తగ్గించే అనేవాళ్ళు. అందుకే నాకు ఈ విషయంలో కొంచెం పట్టింపు ఉంది, ముందే చెప్పేస్తున్నా. నేను డాలస్‌కి గంటన్నర దూరంలో ఒక చిన్న ఊరి హైస్కూల్లో చెప్తాను, అంతకుముందు తొమ్మిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా డిస్ట్రిక్ట్‌లో సీటీఈ గ్రాంట్ కాగితాల పని ఎవరూ ఒప్పుకోక నా నెత్తిన పడింది, మూడేళ్ళుగా చేస్తున్నా. రాసేది ఆ అనుభవంతోనే.

ఈ మధ్య నా ఇన్‌బాక్స్ నిండా వెబినార్ ఆహ్వానాలే. పర్కిన్స్ సిక్స్ వస్తోంది, రెడీ అవ్వండి. కొత్త చట్టానికి మీ డిస్ట్రిక్ట్ సిద్ధమా. ఫీజు ఇంత, సర్టిఫికెట్ ఫ్రీ. ఇప్పుడు నడుస్తున్న పర్కిన్స్ ఫైవ్ తర్వాత వచ్చేది కాబట్టి సిక్స్ అంటున్నారు. నేను ఇది రాసే నాటికి ఆ సిక్స్ అనేది పుట్టలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దాళ్ళు ఊరికే అన్లేదు.

నా వాదన ఏంటంటే, సీటీఈ డబ్బుకి సంబంధించి మాకు తగిలిన పెద్ద దెబ్బలు చాలావరకు కొత్త చట్టం వల్ల వచ్చినవి కావు. చట్టం అలాగే ఉండగా పక్కనుంచి వచ్చినవి. అందుకని చట్టం ఎప్పుడు మారుతుందో అని కిటికీ దగ్గర కూర్చోవడం ప్లానింగ్ కాదు. ఇది సరిగ్గా అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, బోర్ కొడితే క్షమించండి.

1917లో స్మిత్-హ్యూస్ చట్టం వచ్చింది, వుడ్రో విల్సన్ సంతకం. వ్యవసాయం, చేతిపనులు, ఇంటి పని నేర్పే స్కూళ్ళకి వాషింగ్టన్ నుంచి డబ్బు వెళ్ళడం అక్కడ మొదలు. 1963లో పెద్ద చట్టం ఒకటి. 1984లో వచ్చిన దానికి కెంటకీ కాంగ్రెస్ సభ్యుడు కార్ల్ పర్కిన్స్ పేరు పెట్టారు, ఆయన అదే ఏడాది పోయారు. ఆ తర్వాత 1990, 1998, 2006, 2018, ప్రతిసారీ దుమ్ము దులిపి మళ్ళీ రాశారు. 2006లో "ఒకేషనల్" తీసేసి "కెరీర్ అండ్ టెక్నికల్" అని పేరు మార్చారు. ఇరవై ఏళ్ళయింది, ఫ్రిస్కో అన్నయ్య గారికి ఇంకా చేరలేదు.

ఇప్పుడు నడుస్తున్నది 2018 జూలై 31న సంతకం అయినది, అమలు 2019 జూలై 1 నుంచి. దాని ఆథరైజేషన్ 2024 ఆర్థిక సంవత్సరం వరకే. అంటే గడువు తీరిపోయింది. తీరిపోతే డబ్బు ఆగిపోతుందని చాలామంది టీచర్లే అనుకుంటారు, మొదటి ఏడాది నేనూ అలాగే కంగారుపడ్డాను. ఆగదు. విద్యాశాఖ ప్రోగ్రాములకి ఉమ్మడిగా ఒక చట్టం ఉంది, గడువు తీరినా ఒక ఏడాది దానంతట అదే పొడిగించే వీలుంది, అదీ అయిపోయినా ఏటా కాంగ్రెస్ బడ్జెట్‌లో డబ్బు రాసినంత కాలం బండి నడుస్తుంది. అంతకుముందు 2006 చట్టం 2012తో గడువు అయిపోయింది, కొత్తది 2018లో వచ్చింది. మధ్యలో ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో నైన్త్‌లో చేరిన పిల్లాడు హైస్కూల్ అయిపోగొట్టుకుని కాలేజీ కూడా సగం చదివేసి ఉంటాడు.

మరి దెబ్బలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 2006 చట్టంలో టెక్ ప్రెప్ అని ఒక భాగమే ఉండేది, హైస్కూల్‌నీ కమ్యూనిటీ కాలేజీనీ కలిపి నడిపే కోర్సులకి విడిగా డబ్బు. 2011లో దానికి బడ్జెట్‌లో సున్నా వేశారు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. పుస్తకంలో అధ్యాయం అలాగే ఉంది, కోఆర్డినేటర్ల ఉద్యోగాలు పోయాయి. 2013లో సీక్వెస్టర్ అని అన్ని ఖాతాలకీ ఒకే కత్తెర వేశారు, పర్కిన్స్‌కి కూడా దాదాపు 5 శాతం కోత. దానికీ పర్కిన్స్ చట్టానికీ ఏ సంబంధం లేదు, ఎక్కడో అప్పు గొడవ. ఇక భయపెట్టినవి కొన్ని దెబ్బలే కాలేదు. 2006 బడ్జెట్ ప్రతిపాదనలో బుష్ ప్రభుత్వం ఒకేషనల్ డబ్బు మొత్తం తీసేస్తానంది, కాంగ్రెస్ ఒప్పుకోలేదు సరికదా అదే ఏడాది కొత్త చట్టం పాస్ చేసింది, సంతకం పెట్టింది ఆయనే. ట్రంప్ మొదటి విడత బడ్జెట్‌లో కోత అడిగారు, మరుసటి ఏడాది పర్కిన్స్ ఫైవ్ మీద సంతకం పెట్టిందీ ఆయనే. అరుపు ఒకచోట, కాటు ఇంకోచోట.

2025 అయితే మరీ వింత. ఆ మే నెలలో విద్యాశాఖ, కార్మిక శాఖ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి, పర్కిన్స్ రోజువారీ నడక కార్మిక శాఖ చూస్తుందని. కోర్టు ఆపింది. జూలై మధ్యలో సుప్రీంకోర్టు ఆ అడ్డు తొలగించింది, వెంటనే అమల్లో పెట్టేశారు. చట్టం చదివితే ఇప్పటికీ "విద్యా కార్యదర్శి" అనే ఉంటుంది. కానీ రాష్ట్రాల వాళ్ళు ప్రశ్న అడిగే మనుషులు మారారు, ఆఫీసు మారింది. ఇంటి పేరు అదే, కాపురం వేరే ఇంట్లో.

దీని మీద నాకు రెండు రకాల ఆలోచనలున్నాయి, నిజాయితీగా చెప్తే. కార్మిక శాఖ దగ్గర ఏ ఊళ్ళో ఏ ఉద్యోగాలున్నాయో లెక్క బాగా ఉంటుంది, మాలాంటి చిన్న ఊళ్ళకి అది ఉపయోగమే, మేం ఇప్పటికీ వెల్డర్లు ఎంతమంది కావాలో తెలుసుకోడానికి ఫ్యాక్టరీ ఓనర్‌కి ఫోన్ చేసి అడుగుతున్నాం. కానీ వాళ్ళు చూసే మనిషి ఉద్యోగం వెతుక్కునేవాడు. నా క్లాసులో కూర్చునేది పద్నాలుగేళ్ళ పిల్ల, తనకి ఇంకా నెట్‌వర్కింగ్ ఇష్టమో వెటర్నరీ ఇష్టమో తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ పిల్లని "ప్లేస్‌మెంట్" అనే గడిలో పెట్టి కొలిస్తే ఆమె రెండు కోర్సులు చూసి ఇది నాకు పడదు అని తెలుసుకోవడం కూడా ఫెయిల్యూర్ కిందే లెక్క అవుతుంది. నా దృష్టిలో అది నాలుగేళ్ళ కాలేజీ ఫీజు మిగిల్చిన సక్సెస్.

కొలతల మాట వచ్చింది కాబట్టి, అసలు ప్రమాదం ఎక్కువగా దాక్కునేది నిర్వచనాల్లో. 2018కి ముందు "కాన్సన్‌ట్రేటర్" అంటే ఎవరు అనేది రాష్ట్రాల ఇష్టం, కొన్నిచోట్ల మూడు కోర్సులు, కొన్నిచోట్ల ఇంకో రకం. పర్కిన్స్ ఫైవ్ అందరికీ ఒకే మాట చెప్పింది: హైస్కూల్లో ఒకే ప్రోగ్రాంలో కనీసం 2 కోర్సులు పూర్తి చేసినవాళ్ళు. కాలేజీలో అయితే 12 క్రెడిట్లు. వినడానికి చిన్న విషయం. కానీ మన గ్రాడ్యుయేషన్ రేటు, మ్యాథ్ మార్కులు, తర్వాత ఎక్కడ చేరారు, ఆడపిల్లలు వెల్డింగ్‌లోనో మగపిల్లలు నర్సింగ్‌లోనో ఎంతమంది ఉన్నారు, ఇవన్నీ లెక్కపెట్టేది ఆ గుంపులోనే. గుంపు మారితే అన్నీ మారతాయి. పాత గ్రాఫ్‌లన్నీ ఒక్క ఏడాదిలో పనికిరాకుండా పోయాయి, పోల్చడానికి ఏమీ మిగల్లేదు. పెట్టిన టార్గెట్‌లో 90 శాతం అందుకోకపోతే ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ రాయాలి, కాబట్టి ఇదేం సరదా విషయం కాదు.

మా స్కూల్లో నాకు ముందు చేసినాయన ఏటా ఫైనల్ శాతాలు మాత్రం సేవ్ చేసి అడుగు డేటా వదిలేశారు. పాపం ఆయన్ని అనను, ఎవరు చెప్పారు దాచమని. కానీ ఆ శాతాలతో నేనేం చేసుకోను? ఏ పిల్లాడు ఏ ఏడాది ఏ కోర్సు తీసుకున్నాడు అనే వరస ఉంటే రేపు నిర్వచనం మూడు కోర్సులన్నా, ఒక కోర్సు ఒక ఇంటర్న్‌షిప్ అన్నా కూర్చుని మళ్ళీ లెక్క కట్టుకోవచ్చు. పిండి ఉంటే ఇడ్లీ కావాలంటే ఇడ్లీ, దోసె కావాలంటే దోసె. ఆయన నాకు ఇడ్లీలు ఇచ్చి వెళ్ళారు. నేను చేసిన మొదటి "కొత్త చట్టం ప్లానింగ్" ఇదే, పిల్లలవారీ కోర్సుల పట్టిక, ఏడాదికో ఫైలు. దీనికి వెబినార్ అక్కర్లేదు.

ఇక డబ్బు. మొత్తం దేశానికి రాష్ట్రాల గ్రాంట్లుగా ఏడాదికి దాదాపు 144 కోట్ల డాలర్లు. పెద్ద అంకెలా ఉంటుంది గానీ యాభై రాష్ట్రాలకి పంచితే, అందులోనూ హైస్కూళ్ళకీ కాలేజీలకీ పంచితే, కూరలో కరివేపాకంత. సీటీఈ టీచర్ల జీతాలు, బిల్డింగులు అన్నీ ఎక్కువ భాగం రాష్ట్రం డబ్బు, ఊరి ప్రాపర్టీ ట్యాక్స్ డబ్బు. టెక్సస్‌లో సీటీఈ కోర్సుల్లో ఉన్న పిల్లల గంటలకి రాష్ట్రం విడిగా వెయిట్ వేసి ఎక్కువ ఇస్తుంది, మా డిస్ట్రిక్ట్‌కి అదే ప్రాణవాయువు.

రాష్ట్రానికి వచ్చిన పర్కిన్స్ డబ్బులో కనీసం 85 శాతం కింద స్కూళ్ళకీ కాలేజీలకీ పోవాలి. హైస్కూల్ వాటాని డిస్ట్రిక్టులకి పంచే ఫార్ములా ఏంటంటే 30 శాతం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు ఎంతమంది ఉన్నారనే దాన్ని బట్టి, 70 శాతం వాళ్ళలో పేద కుటుంబాల పిల్లలు ఎంతమంది అనేదాన్ని బట్టి. ఎంతమంది సీటీఈ చదువుతున్నారు అనేది ఈ లెక్కలో లేదు, చాలామందికి ఇది తెలీదు. ఫ్రిస్కో లాంటి ఊళ్ళలో పెద్ద సీటీఈ సెంటరే ఉంది, కానీ అలాంటి డబ్బున్న ఊళ్ళలో తలకి వచ్చే పర్కిన్స్ తక్కువ, నడిచేది డిస్ట్రిక్ట్ అప్పుగా తెచ్చే బాండ్ల డబ్బు మీద. మాలాంటి ఊళ్ళకి తలకి కొంచెం ఎక్కువ, కానీ తలలే తక్కువ. హైస్కూల్ వాటా 15,000 డాలర్లకి చేరకపోతే ఒంటరిగా తీసుకోనివ్వరు, పక్క ఊళ్ళతో కలవాలి. కాలేజీలకి ఆ గీత 50,000.

మేం కలిసే ఉన్నాం, నాలుగు ఊళ్ళు, రీజినల్ సర్వీస్ సెంటర్ ఖాతా నడుపుతుంది. ఉమ్మడి కుటుంబం అన్నమాట. అందులో ఒక షరతుంది: ఆ డబ్బు అందరికీ పనికొచ్చే దానికే ఖర్చుపెట్టాలి, ఎవరి వాటా వాళ్ళు పట్టుకుపోయి తమ ఒక్కరికే వాడుకోకూడదు. మంచి నియమమే. కానీ ఆచరణలో ఏమవుతుందంటే నలుగురికీ పనికొచ్చేదంటే టీచర్ ట్రైనింగో, సర్టిఫికేషన్ పరీక్ష ఫీజులో. నాకు స్విచ్‌లు, రూటర్లు కావాలి, పక్క ఊరికి అగ్రికల్చర్ మెకానిక్స్ షాపులో వెల్డింగ్ బూత్‌లు కావాలి. మీటింగ్‌లో నలుగురం నాలుగు దిక్కులు చూస్తూ కూర్చుంటాం.

ఇక డబ్బు వచ్చే టైమింగ్. ఏటా మొత్తం ఒకేసారి రాదు. జూలై 1న ఒక ముక్క, అక్టోబర్ 1న ఇంకో ముక్క, ఈ రెండో ముక్క 79 కోట్ల 10 లక్షల డాలర్లు, అంటే సగానికి పైగా అక్టోబర్‌దే. స్కూళ్ళు తెరిచేది ఆగస్టులో. పైగా మాకు చేతికి డబ్బు ఇవ్వరు, ముందు డిస్ట్రిక్ట్ జేబులోంచి పెట్టి తర్వాత బిల్లు పెట్టాలి. అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో తగువు పడి గవర్నమెంట్ షట్‌డౌన్ అయిందనుకోండి, ఆ తగువుకీ మాకూ ఏ సంబంధం లేకపోయినా మా బిజినెస్ ఆఫీస్ ఆవిడ పర్చేజ్ ఆర్డర్ల మీద సంతకం ఆపేస్తారు. చట్టం మారలేదు. ఫార్ములా మారలేదు. నా క్లాసుకి కేబుల్ టెస్టర్లు రాలేదు అంతే.

ఇంకోవైపు, ఇచ్చిన ఏడాదిలో ఖర్చుపెట్టకపోతే మిగిలింది రాష్ట్రానికి వెనక్కి పోతుంది, అది మళ్ళీ అందరికీ పంచుతారు. దాంతో ఏప్రిల్, మే వచ్చేసరికి పెళ్ళివారి హడావుడి మొదలవుతుంది. నా మొదటి ఏడాది అలాగే ఇనుము కోసే ప్లాస్మా కట్టర్ ఒకటి కొన్నాం. నలుగురికీ పనికొస్తుంది, మా షాపులో ఉంటుంది, మూడు ఊళ్ళ పిల్లలు వారానికోసారి వస్తారు, కాగితం మీద అద్భుతం. జూన్‌లో డెలివరీ. దానికి త్రీ-ఫేజ్ కరెంట్ కావాలని అప్పుడు తెలిసింది. మా షాపులో లేదు. ఎలక్ట్రీషియన్ చెప్పిన ఖర్చు మెషీన్ ఖర్చులో మూడో వంతు, అది గ్రాంట్‌లోంచి ఈ ఏడాది కుదరదు, వచ్చే ఏడాదికి బడ్జెట్‌లో లేదు. పద్నాలుగు నెలలు ఆ డబ్బా గోడకి ఆనించి ఉంది. పిల్లలు దాని మీద బ్యాగులు పెట్టుకునేవాళ్ళు. కోట్ షీట్ చదివి సంతకం పెట్టింది నేనే, కరెంట్ లైను అక్కడే రాసుంది, నేను ధర లైను మాత్రమే చూశాను. తెలంగాణలో ఇప్పుడు 65 ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు కదా, రోబోలు, సీఎన్‌సీ మెషీన్లు ఫోటోలు చూసినప్పుడల్లా నాకు గోడకి ఆనించిన ఆ డబ్బానే గుర్తొస్తుంది. మెషీన్ కొనడం ఈజీ. మూడో ఏడాది స్పేర్ పార్ట్ ఎవరు కొంటారు అనేదే ప్రశ్న.

అందుకే నా అభిప్రాయం కొంచెం కటువుగానే చెప్తాను. పర్కిన్స్ డబ్బు మీద మనిషి జీతం పెట్టకూడదు. చట్టం ఒప్పుకుంటుంది, చాలామంది పెడతారు, అయినా పెట్టకూడదు. కోవిడ్ టైమ్‌లో వచ్చిన ఫెడరల్ రిలీఫ్ డబ్బుతో మన చుట్టుపక్కల ఎన్ని డిస్ట్రిక్టులు మనుషుల్ని తీసుకున్నాయో, 2024 సెప్టెంబర్‌తో గడువు అయిపోయాక ఎంతమందికి లెటర్లు వెళ్ళాయో టీచర్లందరికీ తెలుసు. పైగా ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఫెడరల్ డబ్బు మీరు అప్పటికే పెడుతున్న ఖర్చుకి బదులుగా వాడకూడదు, దానికి అదనంగానే వాడాలి. ఒక కెరీర్ కౌన్సెలర్ జీతం గ్రాంట్‌లో పెట్టారు, ఒక ఏడాది కోత పడి ఊరి డబ్బుతో కట్టారు అనుకోండి, మరుసటి ఏడాది గ్రాంట్ పెరిగిందని మళ్ళీ అటు మారుస్తామంటే ఆడిట్‌లో పట్టుకుంటారు, ఇప్పటికే మీరు కడుతున్నారుగా అని. బయటికి తలుపు ఉంది, లోపలికి లేదు. అందుకని మనిషిని మొదటి నుంచీ ఊరి డబ్బు మీదో రాష్ట్రం డబ్బు మీదో పెట్టుకుని, పర్కిన్స్‌ని ఒక ఏడాది ఆగినా క్లాసు ఆగని వాటికి వాడాలి. పనిముట్లు, ట్రైనింగ్, కొత్త ప్రోగ్రాం మొదటి ఏడాది ఖర్చులు, అలాంటివి.

దీనికి మా వాళ్ళే ఒకరు, పక్క ఊరి ఆయన, ఒప్పుకోరు. "మనిషి లేకుండా మెషీన్ ఎందుకు, నువ్వే కదా ప్లాస్మా కట్టర్ కథ చెప్తావ్" అంటారు. ఆయన మాటలో నిజముంది. వాళ్ళ ఊళ్ళో ఆ గ్రాంట్ కౌన్సెలర్ లేకపోతే ఇంగ్లిష్ ఇంకా సరిగా రాని పిల్లల్ని హెల్త్ సైన్స్‌లో చేర్పించేవాళ్ళు ఎవరూ లేరు. అయినా నేను నా మాట మీదే ఉన్నా: అంత అవసరమైన మనిషి అయితే స్కూల్ బోర్డు ముందుకెళ్ళి ఊరి బడ్జెట్‌లో అడగాలి, ఏటా వాషింగ్టన్ మూడ్ మీద ఆధారపడే ఉద్యోగంలో ఆవిడని కూర్చోబెట్టడం అన్యాయం. మేమిద్దరం దీని మీద రెండేళ్ళుగా దెబ్బలాడుకుంటూనే ఉన్నాం, టాకోలు తింటూ.

పక్కనుంచి వచ్చే మార్పులు ఇంకో రెండు చెప్తాను, వీటికీ పర్కిన్స్ అనే పేరు ఉండదు. ఒకటి, ఫెడరల్ గ్రాంట్లన్నిటికీ ఉండే అకౌంటింగ్ రూల్స్‌లో "ఎక్విప్‌మెంట్" అంటే 5,000 డాలర్లు దాటినది అని ఉండేది, 2024 అక్టోబర్ 1 నుంచి దాన్ని 10,000 చేశారు. ఫెడరల్ రూల్ ప్రకారం 7,000 డాలర్ల మెషీన్ నిన్నటిదాకా ఎక్విప్‌మెంట్, ఇవాళ సప్లైస్. అప్రూవల్ తక్కువ, ట్యాగులు తక్కువ, దొంగతనాలకి ఛాన్స్ ఎక్కువ, కాబట్టి మేం మా లిస్టు పాత గీత మీదే ఉంచుకున్నాం.

రెండోది పెద్దది. 2025 జూలై 4న సంతకమైన పెద్ద బిల్లులో వర్క్‌ఫోర్స్ పెల్ అని పెట్టారు, అమలు తేదీ 2026 జూలై 1. 8 వారాల నుంచి 15 వారాల లోపు చిన్న కోర్సులకి, 150 నుంచి 599 గంటలవి, పెల్ గ్రాంట్ ఇవ్వడం. పెల్ అంటే డబ్బులేని కుటుంబాల కాలేజీ పిల్లలకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం. 70 శాతం మంది పూర్తి చేయాలి, 70 శాతం మందికి ఉద్యోగం రావాలి, గవర్నర్ ఒప్పుకోవాలి. హైస్కూల్ పిల్లలకి ఇది రాదు. కానీ చూడండి, పర్కిన్స్ కాలేజీ వాటాని కాలేజీలకి పంచేది ఏ లెక్కన? వాళ్ళ సీటీఈ ప్రోగ్రాముల్లో పెల్ తీసుకునే పిల్లలు ఎంతమంది అనే లెక్కన. చిన్న కోర్సులు ఎక్కువ పెట్టిన కాలేజీకి పెల్ తలలు పెరిగితే, పర్కిన్స్ చట్టాన్ని ఎవరూ ముట్టుకోకుండానే పర్కిన్స్ డబ్బు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జరిగే అవకాశం ఉంది. మా పిల్లలకి డ్యూయల్ క్రెడిట్, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్, ఇచ్చే కమ్యూనిటీ కాలేజీ ఎటు ఊగుతుందో నేను ఈ ఏడాది గమనించేది అదే. వాళ్ళు ఏడాది కోర్సు తీసేసి పది వారాల కోర్సు పెడితే మా పిల్లల క్రెడిట్లు ఎక్కడ అతుకుతాయి? వెబినార్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగట్లేదు, అందరూ సిక్స్ సిక్స్ అంటున్నారు.

ఇక మళ్ళీ ఫ్రిస్కో అన్నయ్య గారి దగ్గరికి. పర్కిన్స్ ఫైవ్‌లో నాకు బాగా నచ్చిన భాగం, దాదాపు అందరూ హోంవర్క్‌లా చేసి పడేసే భాగం, లోకల్ నీడ్స్ అసెస్‌మెంట్. కనీసం రెండేళ్ళకోసారి ప్రతి డిస్ట్రిక్టూ, లేదా మాలాంటి గుంపూ, కూర్చుని రాయాలి: మన పిల్లలు ఎలా చేస్తున్నారు, చుట్టూ ఏ ఉద్యోగాలున్నాయి, మన ప్రోగ్రాములు వాటికి సరిపోతున్నాయా, టీచర్లు దొరుకుతున్నారా, ఎవరికి సీటు దొరకట్లేదు. ఆ కాగితంలో లేని అవసరానికి డబ్బు అడగడం కష్టం, అందులో ఉన్నదానికే ఖర్చు. అంటే చట్టం ఎలా మారినా, ఆఫీసు ఏదైనా, చేతిలో నిజమైన కాగితం ఉన్నవాడికి మాట్లాడ్డానికి ఏదో ఉంటుంది. ఆ కాగితం రాసేటప్పుడు ఎవరెవర్ని పిలవాలో చట్టంలోనే లిస్టు ఉంది: టీచర్లు, కౌన్సెలర్లు, కాలేజీ వాళ్ళు, బిజినెస్ వాళ్ళు, కష్టాల్లో ఉన్న పిల్లల తరఫున మాట్లాడేవాళ్ళు. పేరెంట్స్ కూడా. స్టూడెంట్స్ కూడా.

మా మీటింగ్ పోయినసారి మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. పేరెంట్స్ గడిలో ఒక్క సంతకం, ఆవిడ మా కెఫెటేరియాలో పనిచేస్తారు, వాళ్ళబ్బాయి మా స్కూలే, అక్కడే ఉన్నారు కాబట్టి పిలుచుకొచ్చారు. ఆవిడే అందరికంటే మంచి ప్రశ్న అడిగారు, సర్టిఫికేషన్ పరీక్ష ఒకసారి ఫెయిల్ అయితే రెండోసారి ఫీజు ఎవరు కడతారు అని. మేమెవరం ఆలోచించలేదు. ఆ లైను ఇప్పుడు మా ప్లాన్‌లో ఉంది.

సబర్బ్‌ల్లో ఉన్న మన తెలుగువాళ్ళు ఇలాంటి మీటింగులకి వెళ్ళరు. మాకు సీటీఈ ఎందుకు, మా వాడికి వెయిటెడ్ జీపీఏ (కష్టమైన కోర్సులకి ఎక్కువ పాయింట్లు వేసే సగటు) పోతుంది, టాప్ 5 శాతంలో లేకపోతే యూటీ ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ రాదు అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, నా కూతురు టెన్త్ గ్రేడ్. కానీ వాళ్ళలో సగం మంది సైబర్ సెక్యూరిటీ, క్లౌడ్, హాస్పిటల్ ఐటీ, ఫార్మా చేస్తున్నారు. డిస్ట్రిక్టులు "ఇండస్ట్రీ పార్ట్‌నర్" కావాలని గోడలకి పోస్టర్లు అంటించి వెతుకుతున్న మనిషి పులిహోర ప్లేటు పట్టుకుని నా ముందు నిలబడి "ఓ" అన్నాడు.

తర్వాతి వారం ఆయనకి మెసేజ్ పెట్టాను. అన్నయ్య గారూ, మీ అమ్మాయి హోసా సీటీఈలో భాగమే, మీ డిస్ట్రిక్ట్‌లో అడ్వైజరీ కమిటీ ఉంటుంది, మీరు హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ చేస్తారు కదా, ఒకసారి వెళ్ళి చూడండి అని. రెండు రోజులు బ్లూ టిక్. మూడో రోజు రిప్లై వచ్చింది: "అది సాయంత్రం పెడతారా? ఆఫీస్ టైమ్‌లో అయితే కుదరదమ్మా."

నిజమే కదా. మా నాలుగు ఊళ్ళ మీటింగ్ ఈసారి ఆరున్నరకి మార్చమని అడిగాను, పక్క ఊరి ఆయనకి ఫుట్‌బాల్ ప్రాక్టీస్ ఉందట, ఏడింటికి ఒప్పుకున్నారు. ఎజెండాలో మొదటి ఐటం త్రీ-ఫేజ్ కరెంట్ లైను బిల్లు, అది ఊరి డబ్బులోంచే.